కారులోని తెర – దారిమీది కన్ను

పొయ్యిమీద పాలుంచిన యిల్లాలు దానినుండి కన్ను మఱల్పదు. ప్రక్కపొయ్యిమీద కుక్కరున్నచో దానిని చూచుచు కూర్చుండ నక్కఱలేదు. ఈల వినబడినప్పుడు మంట తగ్గించిన చాలును. ఒక పనికి కన్ను కావలెను. వేఱొక పనికి చెవి చాలును. ఈ భేదము నెఱిగినది గనుకనే గృహిణి వంటయింటిలో నాలుగు పనులు నొక్కసారిగా నడపుచున్నను ఏ పనియు చెడనీయదు. నేడు మోటారుకారు లోపల ఈ భేదముపైననే పెక్కుమంది ప్రాణము లాధారపడి యున్నవి. ఈ నెల మన శీర్షికలో ఆ సంగతిని ముచ్చటింప దలచితిమి.

ఒకప్పుడు కారు ముందుభాగమున వేగమును, పెట్రోలును చూపు రెండు మూడు ముల్లుల పలకలు మాత్రమే యుండెడివి. పాటకు రెండు మీటలు, గాలికి రెండు మీటలు. అవి యెచ్చట నున్నవో చేతికే తెలిసెడిది. నేటి క్రొత్తకార్లలో పెక్కింట ఆ స్థలమున పుస్తకమంత తెర వెలుగుచున్నది. దారి చూపు పటము, వెనుక భాగమును చూపు కెమేరా బొమ్మ, పాటలు, ఫోను పిలుపులు, చల్లగాలి – అన్నియు దానియందే. వీనిలో కొన్ని నడుపువారి చూపును దారిమీదికి మఱల్చును. కొన్ని దారిమీదినుండి లాగికొనును. మొదటి విధమువి ప్రాణరక్షకములు. రెండవ విధమువి ప్రాణాంతకములు. రెండును ఒక్క తెరలోనే యున్నవి. వీనిలో దేనికి పైచేయి కావలెనో నిర్ణయించు నధికారము కారు చేసినవారికంటె దానిని వాడుకొను కుటుంబమునకే యెక్కుడుగా నున్నదని మా యభిప్రాయము.

"కారు సంగతి పురుషులది గదా, మాకేల?" యని సోదరీమణులు కొందఱు తలపవచ్చును. ఆ కాలము గడచినది. మనలో పలువురు స్వయముగా కారు నడపుచున్నారు. నడపనివారు నడుపువారి ప్రక్కనో వెనుకనో కూర్చుందురు. ఇంటనున్నవారు దారిలో నున్నవారికి ఫోను చేయుదురు. ఈ మూడు స్థానములలోను స్త్రీకి పని కలదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖవారి లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగెను. వానిలో 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు 460 మందికి పైగా. ఇంతమంది యిండ్లలో దీపము లాఱిపోవుచుండగా ఇది మనకు సంబంధింపని విషయమని యెట్లనగలము?

ఈ చరిత్రలో స్త్రీల పాత్రయు తక్కువది కాదు. వానలో ముందటి యద్దమును తుడుచు వైపరుకు 1903వ సంవత్సరమున అమెరికాలో పేటెంటు పొందినది మేరీ ఆండర్సన్ అను స్త్రీయే. ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అను నామె మోటారు పందెములలో పేరుగాంచినది. ఆమె 1909లో స్త్రీల కొఱకు కారు నడపుటను గూర్చి యొక పుస్తకము వ్రాసి, అందు ఒక చిన్న చేతియద్దమును దగ్గఱ నుంచుకొనుడనియు, అప్పుడప్పుడు దానిని పైకెత్తి వెనుక వచ్చు బండ్లను చూచుకొనుడనియు సలహా చెప్పినది. రెండేండ్లకు, 1911లో, అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమున రే హారూన్ అను నతడు తన కారున కట్టి అద్దము బిగించుకొని గెలుపొందెను. ముఖము చూచుకొను నద్దము దారి చూచుకొను నద్దమైనది. నేటి కెమేరాలును తెరలును ఆ చేతియద్దపు సంతతియే యని చెప్పవచ్చును. తల త్రిప్పకయే, దారిని విడువకయే వెనుక సంగతి తెలియవలెనన్నదే దాని యుద్దేశము. ఈ యుద్దేశమును మనసున నుంచుకొన్నచో ఏ క్రొత్త పరికరము మేలైనదో యేది కాదో తేల్చుట సులభమగును.

ఇప్పు డొక చిన్న లెక్క వేయుదము. గంటకు 60 కిలోమీటరుల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 16 మీటరులకు పైగా సాగును. రెండు సెకనులు తెరవైపు చూచినచో 33 మీటరులు గ్రుడ్డిగా పోయినట్లే. 100 కిలోమీటరుల వేగమున నైనచో రెండు సెకనులలో 55 మీటరులు గడచును. రెండు సెకనులన నెంత? పాట పేరు చదువునంత సేపు. ఆ వ్యవధిలో దారికడ్డముగా నొక పిల్లవాడు వచ్చుట, ముందు పోవు ఆటో యాగుట, పశువు మరలుట – ఏదైనను జరుగవచ్చును.

అమెరికా ప్రభుత్వపు రోడ్డు భద్రతాశాఖవారు 2013లో కారు చేయువారికి కొన్ని సూచనలు చేసిరి. నడుపువారు తెరవైపు ఒక్కసారి చూచు చూపు రెండు సెకనులకు మించరాదనియు, ఒక పని మొత్తము పన్నెండు సెకనులలో ముగియవలెననియు వాని సారము. ఆచరణమున నేమి జరుగుచున్నదో స్వీడన్ దేశపు మోటారు పత్రిక యొకటి 2022లో పరీక్షించి చూపినది. గంటకు 110 కిలోమీటరుల వేగమున కారు నడపుచు వేడిగాలి సవరించుట, రేడియో మార్చుట మున్నగు నాలుగు పనులు చేయింపగా, మీటలు గల 2005వ సంవత్సరపు పాత వోల్వో కారులో అన్నియు పది సెకనులలో ముగిసెను. కారు 306 మీటరులు సాగెను. పెద్దతెర గల ఒక క్రొత్తకారులో అవే పనులకు 44.9 సెకనులు పట్టెను. కారు 1,372 మీటరులు సాగెను. పరీక్షకు ముందు నడుపువారికి ఆ తెరలతో పరిచయము కలిగించిన మీదటనే యిట్లు జరిగెను.

కారణము సులభము. మీటను చేయి తడిమి పట్టుకొనగలదు. చీకటిలో ఉప్పుజాడీని పట్టుకొను గృహిణికి ఇది చెప్ప నక్కఱలేదు. నున్నని గాజుతెరమీద వ్రేలికి ఏ గుఱుతును తగులదు. అందుచే ప్రతి పనికిని కన్నే పోవలసి వచ్చును. ఈ లోపమును గ్రహించియే ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించు యూరో ఎన్‌క్యాప్ సంస్థవారు తమ నియమములను మార్చిరి. మలుపు దీపములు, ప్రమాద సూచక దీపములు, వైపరులు, హారను, ఆపదలో సహాయమును పిలుచు మీట – ఇవి ప్రత్యేకముగా చేతికందు మీటలుగా నున్న కార్లకే ఆ విషయమున పూర్తి గుణము లొసగునట్లు 2026వ సంవత్సరము నుండి నిబంధన చేసిరి. క్రొత్తకారు కొనబోవు కుటుంబములోని సోదరి తెర యెంత పెద్దదని యడుగుటకు బదులు, "ఏయే పనులకు తెరను ముట్టవలసి యుండును?" అని యడిగినచో ఆ ప్రశ్న లక్షలు విలువ చేయును.

అట్లని తెరలన్నియు కీడని మేము చెప్పుట లేదు. యుద్ధవిమానములలో వైమానికుడు తల వంపకయే అంకెలు చూచుకొనుటకై యెదుటి గాజుమీద వెలుగుతో చూపు పద్ధతి యొకటి కలదు. 1988లో అమెరికాలోని జనరల్ మోటార్సువారు ఆ పద్ధతిని తమ ఓల్డ్స్‌మొబీల్ కారులోనికి తెచ్చిరి. ఇప్పుడు మన దేశమునను కొన్ని కార్లలో నిది కలదు. వేగమును తెలుపు అంకె ముందటి యద్దమునకు ఆవల, దారిమీద తేలుచున్నట్లు కనబడును. కన్ను దూరపు చూపునుండి దగ్గఱి చూపునకు మాటిమాటికి మాఱ నక్కఱలేదు. నలువదేండ్లు దాటి చత్వారము వచ్చినవారికి ఇది మఱింత మేలు. కాని యిందును మితము కావలెను. వేగము, మలుపు – ఈ రెండును చాలును. అద్దమంతయు అంకెలతో ముగ్గువలె నింపినచో దారియే మఱుగున పడును.

కంటికి బదులు చెవితో చెప్పు హెచ్చరికలు మఱియు మేలైనవి. మన దేశమున 2019వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి తయారగు క్రొత్తకార్లలో మూడు హెచ్చరికలు తప్పనిసరి యైనవి. సీటుబెల్టు పెట్టుకొననిచో మ్రోగు గంట మొదటిది. వేగము 80 కిలోమీటరులు దాటిన విడివిడిగాను, 120 దాటిన నెడతెగకను మ్రోగు గంట రెండవది. కారు వెనుకకు పోవునప్పుడు అడ్డమున్న వస్తువును పసిగట్టి మ్రోగునది మూడవది. ఇవి కుక్కరు ఈలవంటివి. చూపును దారినుండి తీయకయే సంగతి చెప్పును.

విచార మేమన, మనము ఈలను విని మంట తగ్గించుటకు మాఱుగా ఈల నోరు నొక్కుచున్నాము. సీటుబెల్టు పెట్టుకొనకయే గంటను మాన్పుటకై బెల్టు స్థానమున గ్రుచ్చు చిన్న లోహపు బిళ్ళలు అంగళ్ళలో అమ్ముడుపోయినవి. 2023వ సంవత్సరము మే నెలలో కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైను అమ్మకపు కంపెనీల కుత్తరువు లిచ్చి 13,118 ప్రకటనలను తొలగింపించినది. కొందఱు బిళ్ళయైన కొనక బెల్టును వీపు వెనుకనుండి పెట్టి దానిపై కూర్చుందురు. గంట నూరకుండును; కాని బండి గుద్దుకొన్నప్పుడు శరీర మూరకుండదు. 2022లో సీటుబెల్టు లేక మరణించినవారు 16,715 మంది. వారిలో 8,331 మంది నడుపువారు కారు, ప్రయాణికులు. "నడుపువారికి గదా బెల్టు" అను మాట యెంత తప్పో ఈ లెక్కయే చెప్పుచున్నది. వెనుక సీటున కూర్చున్న వారికిని బెల్టు చట్టరీత్యా విధియే. చీర నలుగునని సంకోచించు సోదరి, నలిగిన చీరను ఇస్త్రీ చేసికొనవచ్చునని జ్ఞాపక ముంచుకొనవలెను.

ఇక నన్నిటికంటె హృదయమును కలచు విషయము. 2002లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున పిల్లల వైద్యుడైన ఒక తండ్రి రాత్రివేళ తన యింటిముందఱ కారు వెనుకకు నడపుచుండగా, ఆయన రెండేండ్ల కొమారుడు చక్రములక్రింద పడి మరణించెను. ఆ యెత్తైన కారు వెనుక నిలిచిన పసివాడు ఏ యద్దములోను కనబడలేదు. ఆ తండ్రి దుఃఖమును దిగమ్రింగి, ఇట్టి దుఃఖము మఱియొకరికి రాగూడదని యేండ్ల తరబడి పాటుపడెను. 2008లో ఆ బిడ్డ పేరనే అచ్చట చట్టము వెలసెను. దాని ప్రకారము 2018వ సంవత్సరము మే నెలనుండి అమెరికాలో క్రొత్తగా చేయు ప్రతి కారునందును వెనుక చూపు కెమేరాయు తెరయు తప్పనిసరి యైనవి. ఈ నియమము చేయునప్పుడు అక్కడి ప్రభుత్వము చూపిన లెక్క యిది: వెనుకకు పోవు వాహనములక్రింద పడి సగటున ఏటికి 210 మంది మరణించుచుండిరి, అందు నూటికి 31 మంది అయిదేండ్లలోపు పిల్లలు, నూటికి 26 మంది డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులు. ఇంటిలో మిక్కిలి చిన్నవారును, మిక్కిలి పెద్దవారును. వాకిటిలో తిరుగాడువారును వారే గదా!

మన దేశమున క్రొత్తకార్లకు వెనుక గంట విధియైనను, కెమేరా అన్ని కార్లలోను లేదు. ఉన్నచోటను దానికి హద్దులున్నవి. వానకాలమున బురద చిమ్మి కెమేరా కన్ను మూసికొనిపోవును; మెత్తని తడిగుడ్డతో దానిని తుడుచుట ఇల్లు తుడుచు పనియంత సులభము. గంట కొన్నిమాఱులు నేలకంటియున్న వస్తువును, సన్నని కమ్మిని పసిగట్టలేదు. ప్రక్కనుండి పరుగెత్తి వచ్చు బిడ్డ తెరలో కనబడునప్పటికే ఆలస్యము కావచ్చును. కావున తెర యున్నను ఇంటిలో నొక కట్టుబాటు కావలెను. కారు కదలుటకు ముందు నడుపువారు ఒకమాఱు బండి చుట్టును నడచి చూడవలెను. పిల్లలందఱు నొకచోట – అరుగుమీదనో, ఒకరి చేయిపట్టుకొనియో – నిలిచియున్నారని పెద్దవారొకరు కంటితో చూచి, నోటితో చెప్పవలెను. "పిల్లలు నా దగ్గఱ నున్నారు, పోనిండు" అను మాట వినబడువఱకు బండి కదలరాదు. వీడ్కోలు చెప్పుటకు పిల్లలు కారువెంట పరుగెత్తుట ముద్దుగానే యుండును. ఆ ముద్దును మాన్పించుట తల్లి బాధ్యత.

కారు ముందరి చిన్న దీపముల భాషయు నేర్చికొనదగినది. దానికి చదువుతో పనిలేదు, రంగు తెలిసిన చాలును. ఎఱ్ఱదీప మాపద, పసుపుదీపము హెచ్చరిక, ఆకుపచ్చయు నీలమును ఏదో యొకటి పనిచేయుచున్నదని తెలుపును. చుక్క కారుచున్న నూనెపాత్రవంటి యెఱ్ఱగుఱుతు వెలిగినచో యంత్రములో నూనె యొత్తిడి తగ్గినదని యర్థము. వెంటనే ప్రక్కకు తీసి యంత్ర మాపవలెను. అలలలో ముంచిన ఉష్ణమాపకమువంటి యెఱ్ఱగుఱుతు యంత్రము మితిమీఱి కాగినదని చెప్పును. ఆపవలెను గాని వేడిగా నున్నప్పుడు నీటి మూత తెఱవరాదు – ఆవిరి ముఖమున కొట్టును. వలయములో ఆశ్చర్యార్థకము గల యెఱ్ఱగుఱుతు బ్రేకుది. చేతిబ్రేకు దించినను ఆఱనిచో బండి నడపరాదు. గుఱ్ఱపు నాడావంటి దానిలో ఆశ్చర్యార్థకము పసుపుపచ్చగా వెలిగినచో టైరులో గాలి తగ్గినది. నీలిదీపము వెలుగుచున్నదనగా పెద్దకాంతి ఎదుటివారి కన్నులలో పడుచున్నదని గ్రహించి, బండి ఎదురు వచ్చునప్పుడు తగ్గింపవలెను. నడుపువాని చూపు దారిమీద నున్నప్పుడు ప్రక్కన కూర్చున్న సోదరి ఈ దీపములను కనిపెట్టుచుండిన నెంతో సాయము.

రాత్రి ప్రయాణమున తెర వెలుగును గూర్చి యొక మాట. దీపముచెంత కూర్చుండి పెరటి చీకటిలోనికి చూచిన నేమియు కానరాదు. కారులో తెర పట్టపగలువలె వెలుగుచున్నచో నడుపువారి కన్నులకును అంతే. చీకటిబట్టలతో దారి ప్రక్కను నడచు మనుష్యుడు, దీపములేని ఎడ్లబండి కనబడవు. సాయంకాలము బయలుదేరునప్పుడే తెర వెలుగును తగ్గించుకొనవలెను. పెక్కు కార్లలో రాత్రికి తగిన రంగులు తమంతట తామే మాఱును. మాఱనిచో చేతితో మార్చుకొను నేర్పాటుండును.

ఇటీవల వచ్చిన మఱికొన్ని పరికరములు దారినే కనిపెట్టుచుండును. ముందు పోవు బండికి మిక్కిలి చేరువయైనప్పుడును, గీత దాటి ప్రక్కకు పోవునప్పుడును అవి హెచ్చరించును. 2021లో నాగపురమున 'ఐరాస్తే' యను పేర నొక ప్రయత్న మారంభమైనది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ కంపెనీ, కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ మున్నగునవి చేరి ఇట్టి పరికరములను అక్కడి పురపాలక బస్సులలో నమర్చిరి. పిమ్మట తెలంగాణమున ఆర్టీసీ బస్సులకును ఆ ప్రయత్నము సాగినది. ఇందొక విశేష మున్నది. ఆ గంట డ్రైవరును హెచ్చరించుటతో ఆగదు. ఏ చోట తఱుచుగా మ్రోగుచున్నదో గుర్తించి, అక్కడ ప్రమాదము జరుగకమునుపే దారిని సరిచేయుటకు వీలు కల్పించును. ఐరోపా సమాఖ్యలో 2024 జూలైనుండి అమ్ము ప్రతి క్రొత్తకారునందును నడుపువారు నిద్రమత్తున నున్నారేమో కనిపెట్టు నేర్పాటు విధియైనది.

ఇవి సంతోషింపదగిన సంగతులే. కాని గీతలు చెరిగిపోయిన దారిలో గీతలు చూచు పరికరమునకు పని యుండదు. జోరువానలోను, మంచులోను కెమేరాకును మన కన్నువలెనే మసకయగును. పరికరము తోడుగా నుండునేగాని బదులుగా నుండజాలదు. "కారు తానే చూచుకొనును" అను ధీమా ఏ పరికరమును లేకుండుటకంటె నపాయకరము. నిద్ర వచ్చుచున్నదని గంట మ్రోగినచో దానికి విరుగుడు పాట బిగ్గరగా పెట్టుట కాదు. బండి నాపి నిద్రించుటయే.

ఇక మనము చేయవలసిన పనులు. కారు నడుపు సోదరి బయలుదేరకమునుపే సీటు, అద్దములు సరిచేసికొని, పోవలసిన చోటును పటములో చేర్చి, దారిని నోటితో చెప్పు నేర్పాటు చేసికొని, చల్లగాలి, పాట కుదుర్చుకొని, అప్పుడు చక్రము పట్టవలెను. నడుమ దారి మార్చవలసి వచ్చినచో బండిని క్షేమమైన చోట నాపి మార్చవలెను. నడపుచు చేతిలో ఫోను పట్టుకొనుట 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము శిక్షార్హము. దారి చూచుకొనుటకు మాత్రము, మనసు చెదరని విధమున వాడుకొనవచ్చునని 2020నాటి నిబంధన చెప్పుచున్నది. మనసు చెదరని విధమన నేమో చట్టముకంటె మన మనసునకే బాగుగా తెలియును.

ప్రక్కన కూర్చున్న సోదరి తెరకు తానే యజమానురాలు కావలెను. పాట మార్చుట, చల్లగాలి తగ్గించుట, వచ్చిన పిలుపునకు బదులు చెప్పుట, పటము చదివి "ఎడమకు తిరుగవలెను" అని ముందుగా చెప్పుట – ఇవన్నియు ఆమె పనులు. కాని హఠాత్తుగా కేకవేయుట, మలుపునొద్ద ఇంటి లెక్కలు ప్రస్తావించుట మంచిది కాదు. అదియు మనసును దారినుండి లాగు తెరవంటిదే. పిల్లవాని మారాము మాన్పుటకు నడుపువాని యెదుటి తెరమీద బొమ్మల సినిమా పెట్టుట బొత్తిగా కూడదు. అద్దెకారులో పోవునప్పుడు డ్రైవరు ఫోనులో మాటాడుచున్నచో ఊరకుండ నక్కఱలేదు. "బాబూ, మాకు తొందరలేదు. బండి ప్రక్కకాపి మాటాడి రావయ్యా" అని నెమ్మదిగా చెప్పినచో నొచ్చుకొను డ్రైవరు లుండరు.

ఇంటనున్న సోదరికి మేము చేయు మనవి యన్నిటికంటె ముఖ్యమైనది. "ఎంతవఱకు వచ్చినారు?" అని మనము ఆప్యాయముతో చేయు ఫోను, గంటకు 80 కిలోమీటరుల వేగమున పోవువాని తెరమీద వెలుగును. ఆయన యెత్తిన కన్ను దారినుండి పోవును. ఎత్తనిచో మనము కంగారుపడి మరల చేయుదుము. ప్రేమయే ప్రమాదమునకు కారణమగుట యెంత విషాదము! అందుచే ప్రతి యింటను ఒక నియమ మేర్పఱచుకొనవలెను. బయలుదేరినప్పు డొకమాట, దారిలో ఆగినచోట నొకమాట, చేరినతోడనే యొకమాట – ఈ మూడును దారిలో నున్నవారే చెప్పవలెను. నడుమ ఇంటివారు పిలువరాదు. ఆలస్యమైనచో ప్రక్కన కూర్చున్నవారి ఫోనునకు చేయవలెను. మన యింట కారు నడుపు జీతగాడున్నచో ఆతనికిని ఈ నియమమే వర్తింపవలెను. ఆతని కొఱకును ఒక యిల్లు ఎదురుచూచుచున్నది గదా.

"మేము చెప్పిన మా యింటివారు విందురా?" యని సందేహింపవచ్చును. కదలుచున్న కారులో చెప్పిన మాట సాధింపుగా తోచును. అన్నము తినునప్పుడు నెమ్మదిగా చెప్పినది మనసున కెక్కును. భర్తతో వాదింపనక్కఱలేదు, రెండు సెకనులకు 33 మీటరులను లెక్కను పిల్లలచేత వేయింపుడు. తండ్రి బెల్టు మఱచినచో బడికి పోవు కూఁతురు "నాన్నా, బెల్టు!" అనినచో కాదను తండ్రి మా యెఱుకలో లేడు.

ఈ నెలలో మూడు పనులు చేయుడని పాఠకురాండ్రను కోరుచున్నాము. ఇంట కారున్నచో అది నిలిచియున్నప్పుడు కుటుంబమంతయు దానిలో కూర్చుండి తెరను, దీపములను ఒకమాఱు తెలిసికొనుడు. గంట మ్రోగకుండ చేసిన బిళ్ళ లేవైన నున్నచో తీసి పాఱవేయుడు. దారిలో నున్నవారికి ఫోను చేయరాదను నియమమును నేటినుండియే యమలు జరుపుడు. వీనికి కాసు ఖర్చులేదు. వీనివలన మీ యింట కలిగిన మార్పును, మీకు తోచిన యుపాయములను మాకు వ్రాసిన తోడి సోదరీమణుల కుపయోగపడునట్లు ప్రకటింతుము.